దివాలా దర్బారులో ఫౌజుదారీ: మన శ్రీకాకుళం సర్కారు సంగతి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "కూలిపోతున్న సామ్రాజ్యంలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా ఉన్నవాడి బతుకు ఎలా ఉండేది? నవల రాస్తున్నాను. విలాసాల్లో తేలేవాడా, భయంతో చచ్చేవాడా? రోమన్ అయినా సరే, మొగల్ అయినా సరే." అడిగినవారు విశాఖలోనే ఉంటున్నామని కూడా చెప్పారు. ఇక్కడుండి రోము దాకా ఎందుకండీ? బస్సెక్కితే మూడు గంటల్లో శ్రీకాకుళం. మనం నిలబడ్డ ఈ విశాఖపట్నం రేవుతో సహా, ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా ఉన్న నేలనంతటినీ ఏలిన ఫౌజుదారు అక్కడే ఉండేవాడు. 1707లో ఔరంగజేబు పోయినప్పటి నుంచి 1766లో ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లేదాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల కథ మీ ప్రశ్నకు అచ్చంగా సరిపోతుంది.

ముందే ఒక మాట. నేను ఉద్యోగమంతా రెవెన్యూలో చేసినవాణ్ణి. పాత జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు చదవడం ఆ ఉద్యోగంతో అంటుకున్న జబ్బు. కాబట్టి నా జవాబు కత్తుల వైపు కంటే శిస్తు లెక్కల వైపు ఎక్కువ మొగ్గుతుంది. మీ నవలకు అదే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ ఫౌజుదారుకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది శత్రుసైన్యం కాదు, బకాయి.

మొదట ఆ ఉద్యోగం ఏమిటో చూద్దాం. ఫౌజుదారు రాజు కాదు, రాజుకు సామంతుడూ కాదు. బదిలీ అయ్యే ఉద్యోగి. మొగలులు 1687లో గోల్కొండను పట్టుకున్నాక తీరంలోని సర్కార్లకు, అంటే జిల్లాలకు, తమ పద్ధతినే తెచ్చారు. సైన్యం, శాంతిభద్రతలు, మొండి జమీందార్ల దగ్గర వసూలు ఫౌజుదారువి. ఖజానా లెక్క దివానుది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కన్నేసి ఉండాలన్నదే ఏర్పాటు. న్యాయానికి ఖాజీ. వీళ్లందరి మీదా పైకి రాసి పంపడానికి వాకయానవీసు అనే వార్తల రాయసగాడు, వేగులు మోసే హర్కారాలు. రెండు మూడేళ్లకు మించి ఎవరినీ ఒకే చోట ఉంచకూడదన్న ఆనవాయితీ కూడా ఉండేది. కాగితం మీద చూస్తే మన కలెక్టరు వ్యవస్థ కంటే గట్టిగా ఉంటుంది.

జీతం మాత్రం నగదు కాదు. మన్సబు అని ఒక హోదా అంకె ఉంటుంది, దానికి తగ్గ జాగీరు ఇస్తారు. ఆ జాగీరు ఊళ్ల శిస్తులోంచే తన ఖర్చూ, తాను పోషించాల్సిన గుర్రపు రౌతుల ఖర్చూ తీసుకోవాలి. ఔరంగజేబు చివరి రోజులకే చిక్కు మొదలైంది. దక్కను యుద్ధాల్లో ఎదుటివాళ్లను లొంగదీసుకోవడానికి మన్సబులు పంచిపెట్టారు, పంచడానికి జాగీర్లు చాలలేదు. దొరికిన జాగీర్లలోనూ రికార్డులో రాసిన అంచనాకు, చేతికొచ్చే రాబడికి పొంతన లేదు. అంచనాను జమ అనేవారు, వచ్చినదాన్ని హాసిలు అనేవారు. మీ కథానాయకుడి జీవితమంతా ఈ రెండంకెల మధ్య గడుస్తుంది. పై నుంచి అతన్ని అడిగేది జమ. కింద అతనికి దొరికేది హాసిలు.

ఆ హాసిలైనా ఎవరి దగ్గర్నుంచి రావాలి? రైతు దగ్గర్నుంచి నేరుగా కాదు. శ్రీకాకుళం సర్కారులో మైదానం సన్నం, కొండ దగ్గర. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, కురుపాం, మాడుగుల, ఆ వెనక జయపురం. ప్రతివాడికీ కోట, ప్రతివాడికీ సొంత పాయికులు (కాలిబంట్లు), ప్రతివాడికీ తరుముకొస్తే దాక్కునేందుకు అడవి. ఫౌజుదారు గుర్రపు దళం మైదానంలోనే దొర. మన్యంలోకి దిగితే గుర్రాలకు దారి లేదు, మనుషులకు జ్వరం. తర్వాత కాలంలో ఇంగ్లీషు పటాలాలు కూడా ఆ జ్వరానికే ఎక్కువ మందిని పోగొట్టుకున్నాయి. అందుకని ఫౌజుదారు వసూలు ఏటా ఒక దండయాత్ర లాంటి బేరం: సైన్యంతో బయల్దేరి కోటకు కాస్త దూరంలో డేరాలు వేసి, వకీళ్లను (రాయబారులను) పంపించి, ఎంత కడతావంటే ఎంత తగ్గిస్తావని మాట్లాడుకుని, వచ్చినంత పేష్కషు (కప్పం) పట్టుకుని వెనక్కి రావడం. దారిపొడుగునా సైన్యం మేసేది కూడా ఆ ఊళ్ల పంటనే. ఆ నష్టాన్ని మళ్లీ జమీందారు తన కిస్తులోంచి మినహాయించుకునేవాడు.

ఇక్కడ మీ నవలకు పనికొచ్చే అసలు విషయం ఉంది. ఫౌజుదారు మూడేళ్ల మనిషి, జమీందారు మూడు తరాల మనిషి. పూసపాటివారు, బొబ్బిలివారు గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ ప్రాంతానికి వచ్చారని ఆ వంశాల చరిత్రలే చెబుతాయి. శ్రీకాకుళంలోని పెద్ద రాతి మసీదు 1641లో కట్టించింది ఆ ఖానే. అంటే ఒక ఫౌజుదారు వెనక నడిచినవాళ్ల వారసులే తర్వాతి ఫౌజుదార్లకు కొరకరాని కొయ్యలయ్యారు. పూసపాటివారు విజయనగరం కోట కట్టుకున్నది 1713లో. అదే ఏడు ఢిల్లీలో బాదుషా ఫరుఖ్‌సియర్ తర్వాత హైదరాబాదు నిజాం వంశానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్కును మొదటిసారి దక్కను సుబేదారుగా (రాష్ట్రాధిపతిగా) వేశాడు. పైన ఏళ్ల తరబడి ఎవరు సుబేదారన్నది తేలదు. కింద మాత్రం రాతి కోట లేస్తోంది. ఊళ్లో కరణం ఎవరి మాట వింటాడో మీరే ఊహించుకోండి.

వసూలు ఆలస్యమైతే ఏం చేస్తాడు? అప్పు తెస్తాడు. సాహుకారు దగ్గర రాబోయే పంట మీద డబ్బు తీసుకుని, హుండీగా (ఇప్పటి బ్యాంకు డ్రాఫ్టు లాంటి కాగితంగా) హైదరాబాదు పంపుతాడు. అక్కడ కిస్తు అందినట్టు లెక్క. ఇక్కడ వడ్డీ మొదలు. ఆ వడ్డీని ఎవరి మీద వేస్తాడంటే మళ్లీ జమీందారు మీద, అతను రైతు మీద. పైగా ఉద్యోగం దక్కడానికే దర్బారులో నజరానాలు ఇచ్చుకుని వచ్చుంటాడు. దాని అప్పు వేరే. ఈ స్థితిలో సాహుకారు ఫౌజుదారుకు పనివాడు కాదు, పై అధికారి. మీ నవలలో సాహుకారును నక్క చూపుల ముసలివాడిగా పెట్టకండి. ఆ దర్బారులో అందరికంటే ఎక్కువ కబురు తెలిసిన మనిషి అతను. హైదరాబాదులో దివాను మారబోతున్నాడని హర్కారా కంటే ముందు హుండీ బట్టా (హుండీ మార్పిడికి పట్టే తరుగు) చూసి అతనికి అర్థమైపోతుంది.

సైన్యం సంగతి ఇంకా ఇరకాటం. నెలనెలా జీతం ఇవ్వకపోతే పారిపోయే సైనికులు కొందరు. ఎక్కువమంది పారిపోరు, ధర్నా కూర్చుంటారు. సర్దారు డేరా గుమ్మం దగ్గర కూర్చుని లోపలికి అన్నం, నీళ్లు పోనివ్వరు. బాకీ తేలేదాకా అతను బందీ. 18వ శతాబ్దంలో హిందూదేశమంతా ఇది మామూలే. పెద్ద పెద్ద సేనానులకే తప్పలేదు. అందుకని గవర్నరు దగ్గర ఎంత సైన్యం ఉంటే అంత బలం అనుకోకండి. జీతం బాకీ పడ్డ సైన్యం చేతిలో అతనే బందీ.

ఇక కాగితాల గొడవ. బాదుషా ఫర్మానా వస్తుందంటే ఫౌజుదారు ఊరు దాటి ఎదురెళ్లాలి. గుర్రం దిగి, రాజధాని దిక్కుకు వంగి సలాములు చేసి, ఫర్మానాను తలమీద పెట్టుకోవాలి, పంపిన ఖిల్లతు (గౌరవ దుస్తులు) తొడుక్కోవాలి. ఇంత తంతు ఎందుకంటే ఊరందరూ చూడాలి. చూసినవాళ్లలో జమీందార్ల వకీళ్లు ఉంటారు, ఆ కబురు కోటలకు చేరుతుంది. ఆ ఒక్క కాగితమే కదా అతనికీ మామూలు దొంగల ముఠా నాయకుడికీ తేడా. మరి అదే ఉద్యోగానికి రెండు కాగితాలు వస్తే?

వచ్చాయి. హైదరాబాదు సూబాను పదేళ్లకు పైగా ఏలిన ముబారిజ్ ఖాన్ కథ చూడండి. తీరపు జిల్లాల్లో వసూలుకు తానే తిరిగినవాడు, కొడుకులకు, బంధువులకు పదవులు కట్టబెట్టుకుని తనకో కోటరీ చేసుకున్నవాడు. పాత నియమాల ప్రకారం అది తప్పు. పైనుంచి సాయం రాదని తెలిసినవాడికి అదొక్కటే దారి. 1724లో ఢిల్లీ దర్బారు నిజాముల్ ముల్కును వదిలించుకోవడానికి దక్కను సుబేదారీ నీకే ఇచ్చామని ముబారిజ్ ఖానుకు రహస్యంగా రాసింది. అక్టోబరులో శకర్‌ఖేడా దగ్గర ఇద్దరూ తలపడ్డారు. ముబారిజ్ ఖాన్ చచ్చిపోయాడు. నిజాం ఆ తల ఢిల్లీకి పంపి, తిరుగుబాటుదారు మీద గెలిచినందుకు ప్రభువుకు అభినందనలు అని రాశాడట. ఢిల్లీ ఆ అభినందనలు పుచ్చుకుని అతనికి ఆసఫ్ జా బిరుదు ఇచ్చింది. పై ఆజ్ఞ పాటించినవాడు తిరుగుబాటుదారయ్యాడు, పాటించనివాడు విధేయుడయ్యాడు. శ్రీకాకుళంలో కూర్చున్న చిన్న ఉద్యోగి దీన్నుంచి ఏం పాఠం నేర్చుకుంటాడు? ఉత్తర్వు వస్తే వెంటనే అమలు చేయకూడదని. కొన్నాళ్లు ఆగి, ఎవరు గెలుస్తారో చూడాలని. సామ్రాజ్యం ఢిల్లీలో కూలేది యుద్ధాలతోనే కావచ్చు. జిల్లాల్లో అది కూలేది ఈ ఆగడంతోనే.

నిజాం గెలిచాక మనవైపు పంపిన మనిషి అన్వరుద్దీన్ ఖాన్. ఇతను మీ నవలకు రెండో పాత్రగా బాగుంటాడు. అవధ్‌లోని గోపామౌ ఊరివాడు. ఉత్తరాదిలో కోరా జహానాబాదు పాలన చేస్తూ శిస్తు పైకి పంపలేక ఆ ఉద్యోగం వదిలేసి దక్షిణానికి వచ్చినవాడు. అంటే అతని బతుకే బకాయితో మొదలైంది. 1725 నుంచి సుమారు పదహారేళ్లు తీరపు సర్కార్లలో నిలదొక్కుకున్నాడు. మొగల్ లెక్కన అంతకాలం ఒకేచోట ఉండటం అసాధ్యం. బదిలీ చేయగల శక్తి పైన తగ్గింది కాబట్టి సాధ్యమైంది. అదే రోజుల్లో రాజమండ్రి వైపు రుస్తుం ఖాన్ అనేవాడు మొండి జమీందార్లను తుడిచిపెట్టి, అమీనులను పెట్టి నేరుగా వసూలు చేశాడు. రుస్తుం ఖాన్ కఠినత్వాన్ని మెచ్చుకున్న ఇంగ్లీషు అధికారులు తర్వాత ఉన్నారు. నా మట్టుకు అది తెలివైన పద్ధతి అనిపించదు. అమీను జీతగాడు, అతనూ మూడేళ్ల మనిషే. రుస్తుం ఖాన్ వెళ్లగానే జమీందార్లు మళ్లీ మొలిచారు.

అన్వరుద్దీన్ తర్వాత ఆర్కాటు నవాబయ్యాడు. 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధంలో ఏనుగు మీదే చనిపోయాడు. ముసలితనంలో యుద్ధంలో చావడం వీరత్వంలా కనిపిస్తుంది గానీ, విశ్రాంతి తీసుకోవడానికి ఆ ఉద్యోగంలో వీలే లేదన్నది నా మాట. మొగల్ పద్ధతిలో అమీరు చనిపోతే అతని ఆస్తిని ఖజానా బాకీలు తేలేదాకా జప్తు చేస్తారు. పదవిలో ఉంటేనే కుటుంబానికి రక్షణ. పదవి పోతే పాత లెక్కలన్నీ తిరగదోడుతారు. అందుకే వీళ్లు సొమ్మును ఇళ్లలో, భూముల్లో కాకుండా నగల్లో, సాహుకార్ల దగ్గర దాచేవారు. మీరడిగిన విలాసాలు చాలామటుకు ఇవే. మెడలో ముత్యాల హారం షోకు కోసం కాదు, రాత్రికి రాత్రి గుర్రమెక్కాల్సి వస్తే పట్టుకుపోగల ఆస్తి.

రోము గురించి ఒకే ఒక్క ముక్క. తూర్పు రోమన్ చక్రవర్తి జీనో 479లో ఒక చట్టం చేశాడు. పదవి దిగిన గవర్నరు యాభై రోజులు ఆ రాష్ట్రంలోనే అందరికీ కనబడేలా ఉండాలి, ఎవరికి అన్యాయం చేశాడో వాళ్లు వచ్చి దావా వేసుకోవచ్చు. మొగలులకు అలాంటిది లేదు. అక్కడ ఫౌజుదారు జవాబు చెప్పాల్సింది ప్రజలకు కాదు, ఖజానాకే.

ఇప్పుడు మీ కథకు కేంద్రంగా పెట్టుకోమని నేను చెప్పే మనిషి: జాఫర్ అలీ ఖాన్. 1750ల మొదట్లో శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్లు ఇతని చేతిలో ఉన్నాయి. అతని పైన ఏం జరుగుతోందో చూడండి. 1748 జూన్‌లో ఆసఫ్ జా పోయాడు. కొడుకు నాసిర్ జంగ్ గద్దెనెక్కి 1750 డిసెంబరులో హత్యకు గురయ్యాడు. మనవడు ముజఫర్ జంగ్ రెండు నెలలు తిరక్కుండా చచ్చిపోయాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ వచ్చాడు. 1752లో పెద్దన్న ఘాజీయుద్దీన్ ఢిల్లీ నుంచి బాదుషా సనదు (నియామక పత్రం) పట్టుకుని దక్కనుకు దిగి, ఔరంగాబాదులో విషప్రయోగానికి బలయ్యాడు. నాలుగున్నరేళ్లలో అయిదుగురు ప్రభువులు. ప్రతి ఒక్కరికీ నజరానా పంపాలి, ప్రతి ఒక్కరి నుంచీ కొత్త సనదు తెచ్చుకోవాలి. ఇక పాత బకాయిలు చచ్చిపోయిన ప్రభువుకు కట్టేశానంటే కొత్త దివాను ఒప్పుకోడు.

1753 చివర్లో సలాబత్ జంగ్ ఫ్రెంచి పటాలం జీతాలకని నాలుగు సర్కార్లు బుస్సీకి రాసిచ్చాడు: ముస్తఫానగరం (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. గమనించండి, ఇది ఓడిపోయి ఇచ్చింది కాదు. జీతాలివ్వలేక ఇచ్చింది. జాగీరు పద్ధతి తర్కమే ఇది. సైన్యం పోషించేవాడికి ఊళ్ల శిస్తు రాసివ్వడం అన్నది అక్బరు కాలం నుంచీ ఉన్నదే. తేడా ఒక్కటే, ఈసారి రాయించుకున్నవాడికి బదిలీ లేదు.

జాఫర్ అలీ ఒప్పుకోలేదు. చట్టప్రకారం అతనిది తిరుగుబాటు. న్యాయంగా ఆలోచిస్తే, తన ప్రభువు తన ఉద్యోగాన్ని విదేశీ సేనకు జీతం కింద ఇచ్చేశాడు. అతను ఏం చేశాడు? అంతకు ముందు పడని విజయనగరం విజయరామరాజుతో రాజీపడ్డాడు. ఫౌజుదారు జమీందారు సాయం అడగడమన్నమాట. మచిలీపట్నంలోని ఫ్రెంచి ముఖ్యుడు మొరాసిన్ ఆ స్నేహాన్ని తేలిగ్గా విడగొట్టాడు. రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల వసూలును విజయరామరాజుకే, అంచనా కంటే బాగా తక్కువకు, గుత్తకు ఇస్తానన్నాడు. రాజు అటు వెళ్లిపోయాడు. ఇందులో ద్రోహం వెతకడం నాకిష్టం లేదు. తరతరాలుగా ఫౌజుదారుకు కట్టిన ఇంటివాడికి, ఇకమీదట నువ్వే వసూలు చేసుకో అంటే కాదంటాడా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి నేరుగా కొత్త దేవుడితోనే బేరం కుదుర్చుకున్నాడు.

ఒంటరివాడైన జాఫర్ అలీ కొండలు దాటి నాగపూరు వెళ్లి రఘోజీ భోంస్లేను ఆశ్రయించాడు. 1754 మొదట్లో మరాఠా రౌతులను వెంటబెట్టుకుని శ్రీకాకుళం కొండదారుల్లోంచి దిగాడు. తాను కాపాడాల్సిన జిల్లాను తానే దోపిడీకి తెచ్చిన ఫౌజుదారు! మరాఠాలు భీమునిపట్నంలో డచ్చివాళ్ల కోఠీని (వర్తక స్థావరాన్ని) దోచుకున్నారు. విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల జోలికి మాత్రం పోలేదు. ఊళ్లు తగలబడ్డాయి, సొమ్ము మూటగట్టుకుని మరాఠాలు గోదావరి దాటి వెళ్లిపోయారు. వాళ్లు పని చేసి పెట్టడానికి రాలేదు కదా, సొమ్ము కోసం వచ్చారు. జాఫర్ అలీ వాళ్ల వెంటే పోయి, చివరికి ఏ సలాబత్ జంగ్ ఉత్తర్వును ధిక్కరించాడో అతని కాళ్ల దగ్గరికే చేరి క్షమాపణ కోరుకున్నాడు.

అతను చెడ్డవాడా? నవలా రచయితగా మీరు తేల్చుకోవాల్సింది అదే. నా లెక్కలో అతను వేసిన ప్రతి అడుగూ ఆ రోజుకు సబబైనదే. ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకున్నాడు, పక్కవాడితో కలిశాడు, వాడు విడిపోతే ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు. ఇంతాచేసి రైతుకు మిగిలింది బూడిద.

ఆ తర్వాత బుస్సీ శ్రీకాకుళానికి ఇబ్రహీం ఖానును నియమించాడు. పేరు పాతదే, ఉద్యోగం మారిపోయింది. ఇతను ఫ్రెంచివాళ్ల తరఫు మనిషి, పక్కన అసలు బలం విజయనగరం రాజుది. 1756లో హైదరాబాదులో బుస్సీకి గడ్డుకాలం వచ్చిందని వినగానే ఇబ్రహీం ఖాన్ మొండికేశాడు. బుస్సీ తేరుకుని సైన్యంతో తీరానికి వస్తున్నాడని తెలిశాక పారిపోయాడు. మళ్లీ అదే, ఆగి చూడటం. ఈసారి చూపు తప్పింది. విజయరామరాజు నమ్మకంగా ఉన్నందుకు ప్రతిఫలంగా బొబ్బిలి అడిగాడు. 1757 జనవరి 24న బొబ్బిలిలో ఏం జరిగిందో, ఆ తర్వాత మూడు రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి ఏం చేశాడో మనవైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో ఫౌజుదారు ఎక్కడున్నాడో వెతకండి. లేడు. మూడు నాలుగేళ్ల ముందు దాకా ఆ రెండు కోటల మధ్య తగువు తీర్చాల్సిన కుర్చీ అది. అది ఖాళీ అయింది కాబట్టే ఆ తగువు ఫిరంగులతో తీరింది. బొబ్బిలి కథను వీరగాథగానే చెప్పుకునే మనకు ఈ ఖాళీ కుర్చీ కనబడదు.

మన విశాఖ సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు కోఠీ ఇక్కడ 1682లో పెట్టారు. 1689లో ఔరంగజేబుకూ కంపెనీకీ చెడినప్పుడు మొగల్ మనుషులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు, ఉన్నవాళ్లను చంపేశారు. అంటే అప్పటికి బాదుషా కోపం ఇంతదూరం చేరేది. ఇరవయ్యేళ్లు గడిచేసరికి పరిస్థితి చూడండి. ఇక్కడి కంపెనీ ముఖ్యుడు హోల్కాంబ్, నవాబు ఫకీరుల్లా ఖాన్ దగ్గర అప్పు తీసుకుని, తీర్చకుండా చనిపోయాడు. ఆ బాకీ కంపెనీ ఇవ్వాలని ఖాన్ పట్టు, అది అతని సొంత అప్పని కంపెనీ వాదన. 1710 ప్రాంతంలో ఖాన్ సైన్యంతో విశాఖను ముట్టడించాడు. సామ్రాజ్యపు అధికారి రేవు పట్నాన్ని చుట్టుముట్టింది బాదుషా ఆజ్ఞ మీద కాదు, చేబదులు వసూలుకు. ఈ రెండు సంఘటనలూ ఒకే పాత కోట దగ్గర జరిగాయి. మీ నవల మొదటి అధ్యాయానికి ఇంతకంటే మంచి సరుకు నాకు తెలియదు. ఒకసారి వన్ టౌన్ వైపు కోట వీధి, దర్గా కొండ నడిచి రండి. రేవు ముఖద్వారం, ఎదుట డాల్ఫిన్స్ నోస్ చూస్తే ఆ కోఠీని ఇక్కడే ఎందుకు పెట్టారో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది.

రోజువారీ బతుకు గురించి అడిగారు. పొద్దున్న దర్బారు, అర్జీలు, వకీళ్లు. సాయంత్రం లెక్కల గుమాస్తాలతో గూడుపుఠాణి. సగం ఏడాది డేరాల్లోనే గడుస్తుంది. వానాకాలంలో నాగావళి పొంగితే కబుర్లు ఆగిపోతాయి, గోదావరి దాటడం ఇంకా కష్టం. హైదరాబాదుకు సైన్యంతో వెళ్లాలంటే నెల పైమాటే. దీపావళి ముందూ వెనకా తుపాను వస్తే పంటతో పాటు కిస్తు కూడా పోతుంది, అయినా పైవాడికి తుపానంటే నమ్మకం ఉండదు. నా సర్వీసులో కూడా తుపాను నష్టం లెక్కలు పంపితే ఇంత ఎందుకుందని వెనక్కొచ్చిన ఫైళ్లు చూశాను. కాబట్టి ఈ ముక్క రాయడానికి నాకు పరిశోధన అవసరం పడలేదు.

ఆదాయంలో పంట ఒక్కటే కాదు. ఉప్పు మళ్లు, రేవు సుంకాలు, నేత బట్ట. విశాఖ వెనక ఊళ్లలో నేసిన పుంజాల బట్ట కంపెనీ ఓడల్లో పోయేది. నేతగాళ్లకు కంపెనీ బయానా వెండిలో ఇచ్చేది, ఆ వెండిలో కొంత ఎలాగోలా కిస్తుగా మారేది. యుద్ధం వస్తే ముందు ఆగేది ఈ వెండి. ఫౌజుదారుకు కంపెనీ దొరల మీద ఎంత కోపమున్నా వాళ్లను పూర్తిగా వెళ్లగొట్టలేకపోవడానికి ఇదో కారణం.

చివరి అంకం త్వరగా చెబుతాను. 1758లో విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి విశాఖను పట్టుకుని ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. కర్నల్ ఫోర్డు బెంగాలు నుంచి వచ్చి డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1765 ఆగస్టు 12న షా ఆలం బాదుషా ఉత్తర సర్కార్లను కంపెనీకి ఇస్తూ ఫర్మానా రాశాడు. అలహాబాదులో కంపెనీ నీడన కూర్చుని, తన మాట ఏనాడో చెల్లని దేశాన్ని దానం చేశాడు. సలాబత్ జంగ్ తర్వాత నిజామైన అతని తమ్ముడు నిజాం అలీ మాత్రం ఊరుకోలేదు. 1766 నవంబరు 12 ఒప్పందం ప్రకారం కంపెనీ అతనికి ఏటా రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరాలకు 5 లక్షలు, శ్రీకాకుళానికి 2 లక్షలు, ముర్తజానగరానికి (గుంటూరుకు) అది చేతికొచ్చాక 2 లక్షలు ఇస్తానంది. ఫౌజుదారు ఉద్యోగం చేసే పని అంతా ఆఖరికి ఒక అంకెగా మిగిలింది: 2 లక్షలు.

నవలకు కాలం ఎంచుకోవాలంటే 1753 వర్షాకాలం నుంచి 1754 వేసవి దాకా సరిపోతుంది. భాషల విషయంలో జాగ్రత్త. ఫౌజుదారు ఉత్తర్వులు ఫారసీలో రాయిస్తాడు, ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు. జమీందారు వకీలుతో, దేశపాండ్యాలతో తెలుగు నడుస్తుంది, మధ్యలో దుబాసీ ఉంటాడు. తేదీలు కూడా చూసుకోండి. 1752 సెప్టెంబరుకు ముందు ఇంగ్లీషు ఉత్తరాల తేదీకి పదకొండు రోజులు కలిపితేనే ఫ్రెంచి ఉత్తరాల తేదీతో సరిపోతుంది. ఫారసీ కాగితాల మీద హిజ్రీ, శిస్తు లెక్కల మీద ఫసలీ. 1753-54 అంటే ఫసలీ 1163. కరణం మాత్రం తన కవిలెలో శ్రీముఖ నామ సంవత్సరం అనే రాసుకుంటాడు.